యాభై ఉతుకుల కొత్త చీర

కొత్త చీర అంటే యాభైసార్లు ఉతికిన చీర అని ప్రభుత్వం వారు తేల్చిన ఏడాదే పానకాలు చెల్లెలు నాంచారమ్మ ఇల్లు కట్టుకుంది. విడివిడిగా చూస్తే రెండూ శుభకార్యాలే. రెండూ ఒకే శ్రావణంలో వచ్చిపడటం వల్ల పానకాలు చిక్కులో పడ్డాడు.

పానకాలు కొండవరం నూనె మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాడు. ప్రతి శనివారం కొండెక్కి నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని వస్తాడు. పెద్ద చదువు లేదు. పైవాళ్లు ఏదైనా చెబితే ముందు నమ్ముతాడు, తర్వాత ఇంటికొచ్చి ఆలోచిస్తాడు. అందుకే చప్పట్లు కొట్టడంలో అతనెప్పుడూ వెనకపడలేదు.

పురపాలక సంఘం హాల్లో వస్త్ర నాణ్యతా మండలి వారు సభ పెట్టినప్పుడు కూడా మొదటి చప్పట్లు అతనివే. దానికో కారణముంది. చెల్లెలి సీమంతానికి అతనొక గులాబీ రంగు చీర పెట్టాడు. అది మొదటి ఉతుకులోనే తన రంగంతా తొట్టిలోకి దించేసింది. ఆ తొట్టిలోనే నానుతున్న మామగారి పంచెలు, బావ బనీన్లు, దుప్పట్లు, దిండు గలీబులు గులాబీ రంగుకు తిరిగాయి. చీర మాత్రం తెల్లబడింది. నాంచారమ్మ అత్తగారు అచ్చమ్మ ఆ బట్టలన్నీ దండెం మీద వరసగా ఆరేసి, వీధిలో ఆడవాళ్లను కేకేసి మరీ చూపించింది.

"మా కోడలి అన్న చెయ్యి పెద్దదమ్మా! ఒక్క చీర పెట్టి ఇంటిల్లిపాదికీ పెట్టాడు."

ఆ మాట పానకాలు గుండెలో ముల్లులా ఉండిపోయింది. ఈసారి గృహప్రవేశానికి పుట్టింటి చీర పెట్టాలి. ఆ చీర కట్టుకునే చెల్లెలు కొత్త గడప దాటాలి. అది గనక రంగు దిగిందా, ఇక ఆ ఊరి పొలిమేర తొక్కలేడు. సరిగ్గా అలాంటి సమయంలో సహాయ నాణ్యతాధికారి చిదంబరరావుగారు వేదికెక్కి ఇలా అన్నారు:

"ప్రియమైన వినియోగదారులారా! ఇన్నాళ్లూ మీరు బట్ట కొన్నారు, ఉతికారు, వెలిసింది, ఏడ్చారు. ఇకపై ఆ అవస్థ మీకు లేదు. మీరు ఉతికే లోపలే మేము ఉతుకుతాము. యాభై ఉతుకులు తట్టుకున్న వస్త్రానికి కొంగు మూల పసుపు ముద్ర వేస్తాము. ముద్ర లేని వస్త్రం అమ్మడం నేరం. ఉతుకులో మరణించిన వస్త్రాలను ప్రజా శ్రేయస్సు దృష్ట్యా దహనం చేస్తాము."

బట్టల కొట్టు శెట్టిగారు లేచి నిలబడ్డారు. "అయ్యా, బేలుకు ఒక చీర తీసి ఉతికి చూస్తే చాలదా?"

చిదంబరరావుగారు జాలిగా నవ్వారు. "ఒక చీరను ఉతికి మిగతా చీరలకు ముద్ర వేస్తే, ఆ మిగతా చీరలు కొన్న సోదరీమణులకు జవాబుదారీ ఎవరు? ఒకరు పరీక్ష రాస్తే ఊరందరినీ పాస్ చేస్తామా? ప్రతి చీరా తన పరీక్ష తానే రాయాలి."

ఇంత న్యాయమైన మాట పానకాలు ఈమధ్య కాలంలో వినలేదు. అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టి ఇంటికొచ్చాడు. ఆలోచన మాత్రం చీర కొనడానికి వెళ్లినప్పుడు మొదలైంది.

శెట్టిగారి కొట్టు స్వరూపమే మారిపోయింది. కొత్త చీరలన్నీ అద్దాల బీరువాల్లో తళతళలాడుతున్నాయి. బీరువాలకు తాళాలు, తాళాల మీద లక్క. పైన బోర్డు: 'పరీక్షింపబడనివి. చూచుటకు మాత్రమే.' కౌంటరు మీద మాత్రం ఒక గుట్ట ఉంది.

పానకాలు భార్య తిరుపతమ్మ ఆ గుట్టలోంచి ఒకదాన్ని రెండు వేళ్లతో పైకెత్తింది. వెలుతురుకు పెట్టి చూస్తే అవతల ఫ్యాను రెక్కలు కనిపించాయి.

"శెట్టిగారూ, నేలగుడ్డలు ఎవరడిగారు? చీరలు చూపించండి."

"నేలగుడ్డకు ముద్ర ఉండదమ్మా. ఇదిగో చూడు, పసుపు ముద్ర! యాభై ఉతుకులు తిని నిలబడ్డ చీర."

"నిలబడిందా? నేను ఎత్తి పట్టుకుంటే నిలబడింది."

"అన్నీ చూసిన చీర తల్లీ ఇది. రంగు దిగుతుందన్న భయం లేదు, దిగాల్సినదంతా దిగిపోయింది. ముడుచుకుంటుందన్న భయం లేదు, ముడుచుకోవాల్సినంతా ముడుచుకుంది. ఇక దీనికి జరగాల్సింది ఏమీ లేదు."

శెట్టిగారు ఈ మాటలు నవ్వకుండా చెప్పారు. బీరువా పక్కన మండలి వారి మనిషి ఒకడు కూర్చుని వింటున్నాడు.

పానకాలు ధర చీటీ చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. పోయిన పండక్కి మంచి నేత చీర కొన్న ధరకు ఇది రెట్టింపు పైచిలుకుంది.

"ఇదేం ధరండీ?"

"చీర ధర అంతేనయ్యా, పాతదే. దాని మీద ఉతుకు రుసుము, సబ్బు రుసుము, ఆరవేత రుసుము. పైగా దీంతోపాటు పరీక్షకెళ్లిన తోటి చీరలు కాలిపోయాయి కదా, వాటి ఖరీదు కూడా బతికినదే మోయాలి. ఇంటి పెద్దలు పోతే అప్పంతా మిగిలినవాడి మీద పడదా, అట్లాగే."

"ఇది పెడితే అచ్చమ్మత్తయ్య దండెం మీద ఆరెయ్యక్కర్లేదు," అంది తిరుపతమ్మ. "గుమ్మానికి దిష్టికి కడుతుంది. పదవయ్యా."

పానకాలుకు మాత్రం పైవాళ్ల మీద నమ్మకం పూర్తిగా పోలేదు. పుట్టింటి చీర సంగతి వాళ్లకు తెలియక ఇలా చేసి ఉంటారు, తెలియజెబితే మినహాయిస్తారు అనుకుని మర్నాడు మండలి కార్యాలయానికి వెళ్లాడు.

అది పాత సినిమా హాలు. కుర్చీలు పీకేసి ఉతుకు రాళ్లు వేయించారు. లోపలికి అడుగుపెట్టగానే దబదబ శబ్దం. ఒక పట్టుచీర మూలుగుతున్నట్టు అనిపించింది అతనికి. తెర ఉండాల్సిన గోడ మీద 'ఉతుకు, ముద్ర, ఉద్ధరణ' అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది.

చిదంబరరావుగారు తన గదిలో ఉన్నారు. ఒంటి మీద చొక్కా ఫెళఫెళలాడుతోంది. కాలరు కింద గుండుసూది ఇంకా తియ్యలేదు. బయట గుమాస్తాల ఒంటి మీదవీ మడత నలగని బట్టలే. బంట్రోతు జరీ పంచె కట్టుకుని టీ గ్లాసులు కడుగుతున్నాడు.

పానకాలు చేతులు కట్టుకుని సంగతంతా చెప్పాడు. "పుట్టింటి చీర మడత విప్పనిది పెట్టాలండి. ఉతికింది పెట్టకూడదు. మా ఇళ్లల్లో ఆనవాయితీ."

"మడత విప్పని వస్త్రం అంటే ఏమిటో తెలుసా?" అన్నారు చిదంబరరావుగారు. "విచారణ జరగని ముద్దాయి. అలాంటి దాన్ని మీ సోదరి ఒంటికి చుట్టమంటారా? కొత్తదనం అనేది ఒక పుకారు మాత్రమే. యాభై ఉతుకుల అనంతరం ఏది మిగులుతుందో అదే వస్త్రం యొక్క నిజ స్వరూపం. మండలి నిర్వచనం ప్రకారం కొత్తదనం అక్కడి నుంచి ప్రారంభమవుతుంది."

వేదాంతంలా వినిపించింది పానకాలుకు. కొండ మీద పూజారిగారు కూడా ఇలాగే మాట్లాడతారు గానీ, ఆయన దక్షిణ ఇంత అడగరు.

"మరి తమరి చొక్కా..."

"స్వాధీనం చేసుకున్న అక్రమ వస్తువు ఇది. క్షేత్రస్థాయిలో పరీక్షిస్తున్నాను. సిబ్బంది అంతా పరీక్షిస్తున్నారు. ఆదివారాలు కూడా."

"చీర ధర మాలాంటివాళ్లు అందుకోలేకుండా ఉందండీ."

"ధరల విషయం అందుబాటు విభాగం చూస్తుంది. మూడో అంతస్తు. ప్రస్తుతం మెట్లు నిర్మాణంలో ఉన్నాయి." చిదంబరరావుగారి గొంతు కొంచెం మెత్తబడింది. "పోనీ, అంత స్తోమతు లేకపోతే పాత బట్టలు కొనుక్కోండి. పాత బట్టలు మా పరిధిలోకి రావు. వాటికి ఏ నియమమూ లేదు."

పానకాలు ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. పాత చీర పెట్టాలిట చెల్లెలికి! అతను తల పట్టుకుని ఉండగానే వీధిలో స్టీలు గిన్నెల సామ్రాజ్యం కేక వినిపించింది. సామ్రాజ్యం ఇరవై ఏళ్లుగా ఆ వీధిలో తిరుగుతోంది. నెత్తిన గిన్నెల గంప, భుజాన బట్టల మూట. పాత బట్టలు తీసుకుని గిన్నెలిస్తుంది. ఆవేళ కేక మాత్రం తిరగబడి ఉంది.

"గిన్నెలకు పాత బట్టలిస్తామమ్మా! సొట్టగిన్నెలు, పాత బిందెలకు పాత చీరలిస్తామమ్మా!"

తిరుపతమ్మ బయటికొచ్చింది. "ఏందే సామ్రాజ్యం, బుర్రగాని తిరిగిందా? బట్టలు తీసుకునేదానివి, ఇస్తానంటున్నావు?"

"కాలం తిరిగింది వదినా. మా బుర్ర దానెనక తిరిగింది." సామ్రాజ్యం అటూ ఇటూ చూసి, అరుగు మీద మూట దించి, ముడి విప్పింది.

మూటలోంచి గంజి వాసన వచ్చింది. మడత నలగని నేత చీరలు, ఒకదాని మీద ఒకటి. చిలకపచ్చవి, నేరేడు రంగువి, గోరింటాకు రంగువి.

"ఇయ్యి పాతయ్యా?" అంది తిరుపతమ్మ.

"బాగా పాతయ్యి వదినా. నిన్న పొద్దుగూకే ముందు మగ్గం మీంచి దిగినియ్యి."

"అంత పాతయ్యా! మరి పట్టుకోరూ?"

"గిన్నెలోళ్ల మూటలో ఉంటే పాత బట్ట కిందే లెక్కంట. మగ్గాలోళ్లు, కొట్లోళ్లు అందరూ నా దగ్గరే పోస్తున్నారు. ఊళ్లో మంచి చీర కట్టిన ఆడది కనపడితే, పాత చీర కట్టుకుందని అర్థం. ముద్ర చీర కట్టిందంటే, పాపం, కొత్తది కొనుక్కుంది."

తిరుపతమ్మ చిలకపచ్చ చీర తీసింది. ఎర్రంచు, కొంగు చివర తెల్ల పోగుల వరస. ఒత్తుగా, చల్లగా ఉంది. లోపలికెళ్లి బిందె పట్టుకొచ్చింది. అది ఆమె కాపురానికొచ్చేటప్పుడు పుట్టింటివాళ్లు పెట్టిన బిందె.

"అది వద్దే," అన్నాడు పానకాలు.

"నువ్వూరుకోవయ్యా. పుట్టింటి బిందె పోయి పుట్టింటి చీర అవుద్ది. నాంచారు మాత్రం పరాయిదా?"

సామ్రాజ్యం బిందెను తిప్పి తిప్పి చూసింది, వేలితో కొట్టి చూసింది. "అడుగున సొట్ట ఉంది వదినా."

"ఇరవయ్యేళ్లు మా పాత బట్టల్లో చిరుగులు ఎంచావు. ఇవాళ సొట్టలు ఎంచుతున్నావా? ఇటు తే."

బేరం కుదిరింది. తిరుపతమ్మ చీరను దేవుడి పటం ముందు పెట్టి, కొంగు మూల తెల్ల పోగుల మీద వేలితో పసుపు అద్ది, కళ్లకద్దుకుంది. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా ఆ ఇంట్లో ఎవరూ కట్టుకున్నది లేదు, ఎవరికీ పెట్టిందీ లేదు. ఎందుకు పెడతారని ఆమెను అడిగితే, నువ్వు అన్నానికి ముందు చెయ్యెందుకు కడుక్కుంటావని తిరిగి అడుగుతుంది.

గృహప్రవేశం నాటి పొద్దున్నే ఇద్దరూ బస్సెక్కారు. నాంచారమ్మ ఊరు ఇంకో మలుపుందనగా కాలవ వంతెన దగ్గర బస్సు ఆగింది. రోడ్డుకు అడ్డంగా ఒక వ్యాను. దాని మీద పెద్ద నీళ్ల డ్రమ్ము, ఉతుకు బండ, 'సంచార ఉతుకు వాహనం' అని రాత. దాని ముందు ఫెళఫెళలాడే ఇంకో చొక్కాతో చిదంబరరావుగారు.

తాంబూలం పళ్లెంలో ఉన్న చీరను ఆయన చూశారు. కళ్లజోడు సవరించుకుని కొంగు మూల చూశారు. మళ్లీ మడత చూశారు. ముఖం కందింది.

"ముద్ర ఉంది. మడత కూడా ఉంది. ఒకే వస్త్రం మీద ఈ రెండూ ఉండటం అసంభవం. ఇది దొంగ ముద్ర!"

"ముద్ర కాదయ్యా, పసుపు," అన్నాడు పానకాలు. "మా ఆడది పెట్టింది. పైగా ఇది పాత చీరండి. తమరే కొనుక్కోమన్నారు."

"పాత వస్త్రమైతే ముద్ర ఎందుకుంది? ముద్ర ఉంటే అరిగిపోకుండా ఎందుకుంది? నిజం చీర నోటితోనే చెప్పిస్తాం. ముంచండి!"

వ్యానులోని మనుషులు చీరను డ్రమ్ములో ముంచారు. పానకాలు "అయ్యా, అయ్యా" అంటూనే ఉన్నాడు. చిదంబరరావుగారు స్వయంగా సబ్బు బిళ్ల అందుకుని, దొంగ ముద్రను పోగొట్టే ఉద్దేశంతో కొంగు మూల గట్టిగా రుద్దారు.

పసుపు ఎర్రబడింది.

సబ్బు తగిలితే పసుపు ఎర్రబడటం ప్రతి ఇంట్లో రోజూ జరిగేదే. ఆ చోద్యం చిదంబరరావుగారి కళ్ల ముందు మాత్రం అప్పుడే మొదటిసారి జరిగింది. ఆయన సబ్బు జారవిడిచి రెండడుగులు వెనక్కి వేశారు. జేబులోంచి నిబంధనల పుస్తకం తీసి గబగబా పేజీలు తిప్పారు.

"ఎర్ర ముద్ర! మండలి అధ్యక్షులవారి ముద్ర!" అని లోగొంతుకతో చదివారు. "'ఎర్ర ముద్ర గల వస్త్రము అధ్యక్షులవారి స్వీయ పరిశీలనలో ఉన్నట్లు భావించవలెను. దానిని ఉతకరాదు, ఆరవేయరాదు, కాల్చరాదు, అధికారి చూపు మేర దాటనీయరాదు.' ఇన్నేళ్ల ఉద్యోగంలో ఇది చూస్తాననుకోలేదు. చీర పట్టుకుని ఎవరూ కదలకండి."

"ఎప్పటిదాకా?" అన్నాడు పానకాలు.

"అధ్యక్షులవారు వచ్చేదాకా. వారు విదేశాల్లో ఉతుకు విధానాలు అధ్యయనం చేస్తున్నారు."

బస్సు వెళ్లిపోయింది. ముహూర్తం దగ్గరపడుతోంది. పానకాలు కాలవ గట్టు మీద నిలబడి నరసింహస్వామిని తలుచుకున్నాడు. స్తంభంలోంచి వచ్చిన స్వామికి వ్యానులోంచి ఒక చీర బయటికి తేవడం ఓ లెక్కా అనుకున్నాడు. స్వామి సంగతి స్వామి చూసుకుంటాడని తిరుపతమ్మ ఈలోగా ఫోను తీసి ఆడపడుచుకు చెప్పేసింది.

నాంచారమ్మ మొగుడి బండి మీద వచ్చి దిగింది. తలంటుకున్న జుట్టు ఇంకా ఆరలేదు. ఇంట్లో కట్టుకునే చీరలోనే ఉంది.

"ఏందన్నయ్యా ఇది? పంతులుగారు గడియారం చూస్తన్నారు. అత్తయ్య నన్ను చూస్తంది."

పానకాలు తల దించుకున్నాడు. "వేరే ఏదన్నా కట్టుకో అమ్మా. మళ్లీ మాట పడేట్టు చేశాను."

"వేరేది కట్టుకోను. పుట్టింటి చీర కట్టకుండా గడప దాటితే, నాకెవరూ లేరని ఊరికి చెప్పుకున్నట్టే." ఆమె చిదంబరరావుగారి వైపు తిరిగింది. "సారూ, ఏమేం చెయ్యకూడదో ఇంకోసారి చదవండి."

ఆయన చదివారు.

"కట్టుకోకూడదని ఉందా?"

ఆయన పుస్తకం వెనకా ముందూ తిప్పారు. "ఆ అంశంపై పుస్తకం మౌనం వహించింది."

"ఉతకం. ఆరెయ్యం. తడిగానే కట్టుకుంటా. మీ చూపు దాటకూడదంటే మీరూ రండి. భోజనం మా ఇంట్లోనే. గారెలు వేయిస్తన్నాం."

చిదంబరరావుగారు కొంతసేపు నిబంధనల గురించి, మరికొంతసేపు గారెల గురించి ఆలోచించినట్టు కనిపించారు. "ప్రభుత్వ సొత్తును అనుసరించడం నా విధి," అన్నారు చివరికి.

వదినా మరదళ్లు వ్యాను వెనక్కి వెళ్లారు. నాంచారమ్మ నీళ్లోడుతున్న చిలకపచ్చ చీరతో వచ్చి వ్యానెక్కింది. ఉతుకు బండ మీద ఆమె, పక్కన పళ్లెంతో తిరుపతమ్మ, డ్రమ్ము పట్టుకుని పానకాలు, ఎదురుగా రెప్ప వాల్చకుండా కొంగు మూల చూస్తూ అధికారి. ఊళ్లోకి ఆ వాహనం రావడం చూసి, నాంచారమ్మ గృహప్రవేశానికి ప్రభుత్వమే వచ్చిందని జనం దారి ఇచ్చారు.

గుమ్మం ముందు అచ్చమ్మ నిలబడి ఉంది. కోడలిని తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"తడి బట్టేందే?"

"పుట్టింటి చీర అత్తయ్యా."

అచ్చమ్మ పంతులుగారి వైపు చూసింది. ఆయన గడియారం వైపు చూశారు. "తడి బట్టకు మించిన మడి ఏముందమ్మా? త్వరగా కానివ్వండి. ముహూర్తం దాటుతోంది."

"ఆగండి!" చిదంబరరావుగారు అడ్డం వచ్చారు. ఆయన అప్పటికి పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పారు. "'ఎర్ర ముద్ర గల వస్త్రమును ప్రైవేటు కట్టడములలోనికి తీసుకుపోరాదు.' గడప దాటితే నేను సస్పెండవుతాను."

"ఈయనెవరు?" అంది అచ్చమ్మ.

"చీరతో వచ్చారు అత్తయ్యా," అన్నాడు పానకాలు.

"మీవైపు చీరతో మనుషుల్ని కూడా పెడతారా? పక్కకు జరుగు నాయనా, దిష్టి తియ్యాలి."

అచ్చమ్మ ఎదుట ఏ పుస్తకమూ పనిచెయ్యదు. ఆమె నిమ్మకాయ కోసి, రెండు చెక్కలూ కోడలి చుట్టూ తిప్పి, ఎదురుగా నిలబడ్డ అధికారి మీద కోపం కూడా కలిపి గట్టిగా పిండింది. రసం చిమ్మి చిదంబరరావుగారి కళ్లజోడు మీద పడింది. కోడలి కొంగు మూల మీదా పడింది.

ఆయన కళ్లజోడు తుడుచుకుని చూసేసరికి ఎర్ర ముద్ర లేదు. దాని చోట పసుపు పచ్చగా మెరుస్తోంది.

"అనుమతి వచ్చింది!" అని కేకపెట్టారు. "అధ్యక్షులవారు విడుదల చేశారు!"

"ఎప్పుడండీ?" అన్నాడు పానకాలు.

"ఈ క్షణమే! మా మండలిలో ఏ ఫైలూ ఇంత వేగంగా కదలలేదు. ఏ విదేశంలో ఉన్నా మనసంతా ఇక్కడే." ఆయన చేతులెత్తి ఆకాశానికి నమస్కరించారు. ఆ నమస్కారం ఎవరికి పెట్టారో పానకాలుకు అర్థం కాలేదు గానీ, తనూ ఒకటి పెట్టాడు. అతనిది నరసింహస్వామికి.

ఆవు ముందు నడిచింది. నాంచారమ్మ పాల గిన్నె పట్టుకుని కుడికాలు లోపల పెట్టింది.

అప్పుడు వచ్చింది పానకాలుకు అసలు భయం. లోపలంతా తెల్లరాయి పరిచారు. కొత్త రాయి, పాలలా ఉంది. చెల్లెలి కుచ్చిళ్ల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా ఆ రాతి మీద పడుతున్నాయి. ఊరి ఆడవాళ్లంతా తలలు వంచి నేలకేసి చూస్తున్నారు. దండెం మీది గులాబీ బనీన్లు వాళ్లెవరూ మర్చిపోలేదు. పానకాలు మాత్రం చూడలేకపోయాడు. కళ్లు మూసుకున్నాడు. స్వామీ, నన్నేమన్నా అనిపించు, దాన్ని మాత్రం అనిపించకు అనుకున్నాడు.

అచ్చమ్మ వంగింది. రాతి మీది నీటిని చూపుడువేలితో తీసింది. గుమ్మంలోకొచ్చి ఎండకు పెట్టి చూసింది. తన చీర చెంగుకు తుడిచి, ఆ చెంగును మళ్లీ చూసింది.

"నీళ్లే," అంది.

అంతకు మించి ఏమీ అనలేదు. ఆ ఇంట్లో అంతకు మించిన ముద్ర లేదు. నాంచారమ్మ పొయ్యి దగ్గర నుంచి తిరిగి అన్న వైపు చూసింది. పాలు పొంగాయి.

చిదంబరరావుగారు గారెలు తిని వెళ్లి పెద్ద నివేదిక రాశారు. వినియోగదారు శరీరం మీదే జరిగిన మొట్టమొదటి పరీక్ష విజయవంతమైందని, ఇందులో మండలికి నీళ్లు, సబ్బు, శ్రమ ఆదా అని అందులో ఉందట. మండలి ఆ నివేదికను మెచ్చుకుంది, నియమం మార్చింది. పానకాలు దసరా ముందు తువ్వాలు కోసం శెట్టిగారి కొట్టుకు వెళ్తే బీరువాల తాళాలు తీసేసి ఉన్నాయి. కొత్త బట్టలన్నీ కౌంటరు మీదికొచ్చాయి. మండలి మనిషి మాత్రం అక్కడే కూర్చున్నాడు.

నీలం గళ్ల తువ్వాలు ఒకటి తీశాడు పానకాలు. ధర మాత్రం వెనక్కి తగ్గలేదు.

"ఉతకడం మానేశారుగా శెట్టిగారూ, ఇంకా రుసుములేంది?"

"ఉతకడం మానలేదయ్యా. ఇప్పుడు నువ్వు ఉతుకుతావు. నువ్వే పరీక్షాధికారివి. యాభైసార్లు ఉతికి, తువ్వాలు మిగిలితే పట్టుకెళ్లు, ముద్ర వేస్తారు."

"నేను ఉతికితే రుసుము నాకు రావాలి కదా?"

"నువ్వు ఉతకడానికి వాళ్లు అనుమతి ఇస్తున్నారు. ఆ అనుమతికి రుసుము."

పానకాలు తువ్వాలు చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు. తిరుపతమ్మ మూల పసుపు అద్ది ఇచ్చింది. రెండు రోజులు వాడాక ఉతుకులో వేసింది. కాసేపటికి పెరట్లోంచి కేక.

పానకాలు వెళ్లి చూశాడు. తొట్టి నిండా నీలం. అందులో అతను శనివారం కొండకు కట్టుకెళ్లే ఒకే ఒక్క తెల్ల పంచె, కృష్ణుడి రంగులో.

"ఆ శెట్టిని అడుగుదాం పద," అంది తిరుపతమ్మ. " డబ్బులు తిరిగిస్తాడా ఇవ్వడా!"

పానకాలు తువ్వాలు చీటీ వెనక్కి తిప్పి చదివాడు. ఫిర్యాదులు యాభై ఉతుకుల అనంతరము మాత్రమే స్వీకరించబడును అని ఉంది.

"తొందరపడకు," అన్నాడు. "ఇంకా నలభై తొమ్మిది ఉన్నాయి."

తిరుపతమ్మ పంచె పిండి దండెం మీద ఆరేసి, దాని వైపూ మొగుడి వైపూ చూసింది.

"ఇంకెప్పుడన్నా కొట్టుకెళ్తే, అచ్చమ్మత్తయ్యను తీసుకెళ్లు."